విడిదిలో పొరుగువాడు



మన సంఘములలోని అనేక కుటుంబముల పిల్లలు ఇప్పుడు అమెరికా దేశములో ఉద్యోగములు చేసికొనుచున్నారు. కూతురి కాన్పుకో, మనుమల ఆలనాపాలనకో తల్లిదండ్రులు అక్కడికి వెళ్లి కొన్ని నెలలుండి వచ్చుచున్నారు. వేసవి సెలవులలో పిల్లలు వారిని క్యాంపింగునకు తీసికొనిపోవుదురు. తిరిగి వచ్చిన తరువాత ఆ సంగతులు కొందరు సంతోషముగా చెప్పుదురు, కొందరు నొచ్చుకొని చెప్పుదురు. ఈ నెల ఆ విడిది జీవితమును గూర్చియు, దానిలో మన కుటుంబములు నేర్చుకొనదగిన పాఠమును గూర్చియు ఆలోచించుదము.

ఆ దేశములో ఆర్.వి. అను బండ్లు ఉన్నవి. ఆర్.వి. అనగా చక్రముల మీద నడిచే ఇల్లని చెప్పవచ్చును. లోపల మంచము, పొయ్యి, చిన్న ఫ్రిజ్, మరుగుదొడ్డి ఉండును. కొన్ని బస్సువలె వాటంతట అవే నడచును. కొన్నింటిని కారు వెనుక తగిలించి లాగుకొనిపోవుదురు. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు కొందరు ఉన్న ఇల్లు అమ్ముకొని ఏడాది పొడవునా ఆ బండిలోనే కాపురముందురు. ఈ బండ్లను, గుడారములను నిలుపుకొనుటకు ఏర్పరచిన స్థలమే క్యాంపుగ్రౌండు. ఒక్కొక్క కుటుంబమునకు నంబరు వేసిన చోటు, ఒక బల్ల, నెగడు వేసికొనుటకు ఒక ఇనుప వలయము ఉండును. కొన్నిచోట్ల కరెంటు, నీళ్లు, మురుగు గొట్టము కూడ ఆ చోటికే అమర్చి యుందురు. కె.ఓ.ఏ. అను పేరుతో ఆ దేశమంతట కనబడు క్యాంపుగ్రౌండ్లు 1962లో మోంటానా రాష్ట్రములోని బిల్లింగ్స్ పట్టణములో, సియాటిల్ ప్రపంచ ప్రదర్శనకు పోవు బాటసారుల కొరకు మొదలైనవి. మన పెద్దలు గూడు బండ్లు కట్టుకొని తిరునాళ్లకు పోయి, చెరువు గట్టున ఎడ్లను విప్పి, మూడు రాళ్ల పొయ్యి పెట్టుకొన్నట్టే ఇదియు అనుకొనుడి.

పదిమంది దిగు చోట కట్టుబాట్లు తప్పవు. అక్కడి జాతీయ ఉద్యానవనములలోని విడుదులలో రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు అనుచితమైన శబ్దము చేయరాదని చట్టమున్నది. కుక్కను 6 అడుగులకు మించని త్రాడుతో పట్టుకొనవలెను. అంట్లు తోమిన నీళ్లు, మరుగుదొడ్డి నీళ్లు బండి క్రింద వేర్వేరు తొట్లలో నిలువయుండును. వాటిని నేలమీద వదలక, అందుకు ఏర్పరచిన చోటనే పారబోయవలెను. ఎలుగుబంట్లు తిరుగు ప్రాంతములలో తినుబండారములను బల్లమీద విడువరాదు. ఒకరు విడిచిన కూటికి రుచి మరిగిన ఎలుగుబంటి మరునాడు వేరొకరి గుడారము మీదికి వచ్చును. తుదకు ఆ మూగజీవిని చంపవలసిన గతి పట్టవచ్చును. దూరప్రాంతపు కట్టెలు కూడ తేవద్దందురు. 2002లో మిచిగన్ రాష్ట్రములో బయటపడిన ఒక పచ్చని పురుగు కట్టెలలో దాగి ఊరూరికి ప్రాకి, యాష్ అను జాతి చెట్లను కోట్లకొలది చంపినది. నావి నాలుగు కట్టెలే గదా, నాది పిడికెడు అన్నమే గదా అనుకొన్నవాని వలన ఇంత నష్టము!

ఇవి మనకు క్రొత్త సంగతులు కావు. ఇశ్రాయేలీయుల పాళెములో ఎవరి గుడారము ఎచ్చట ఉండవలెనో సంఖ్యాకాండము 2వ అధ్యాయము చెప్పుచున్నది. పాళెమును శుభ్రముగా ఉంచుటకు మలమును పూడ్చిపెట్టవలెనని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో దేవుడే నేర్పించెను. ఆయన పాళెము మధ్య సంచరించుచున్నాడు గనుక శుభ్రత కూడ భక్తిలో భాగమే.

అయితే విడిదిలో వచ్చే తగవులన్నియు కట్టుబాటు మీరుట వలన రావు. ఒకే చోటికి వేర్వేరు ఆశలతో వచ్చుట వలననే ఎక్కువగా వచ్చును.

ఒకడు పట్టణపు రొదతో విసిగి, ఆకు కదిలిన సవ్వడి వినవలెనని వచ్చును. ప్రక్క చోటునకు మూడు కుటుంబములు కలిసి పెద్ద గిన్నెలతో, ఆటలతో, నవ్వులతో దిగుదురు. ఒకడు చీకటిలో నక్షత్రములు చూడగోరును. ప్రక్కవాడు భయమునకో అలవాటునకో తెల్లవారులు దీపము వెలిగించి ఉంచును. ఒకామె దారిన పోవు ప్రతివారిని పలుకరించును. మరియొకామె కుర్చీని బండి చాటున వేసికొని, ఎవరును రాకుంటే మేలనుకొనును. ఒక పిల్లవాడు కుళాయికి దగ్గరి దారియని ఎవరి చోటు మధ్యనుండియో పరుగెత్తును. అక్కడ అది మన ఇంటి వాకిట్లో నుండి పరాయివాడు నడిచిపోయినంత తప్పు.

ఆరిజోనా రాష్ట్రపు ఎడారిలో గిరి గీయని, నంబరు లేని ప్రభుత్వ భూములు విస్తారముగా ఉన్నవి. చలికాలములో వేలాది బండ్లు అక్కడికి చేరును. ఒకడు ఎవరును లేని చోటు వెదకి బండి నిలుపును. సాయంకాలము మరియొకడు వచ్చి, ఒంటరిగా ఉండుటకంటె తోడుండుట క్షేమమని తలంచి, ఇరువది అడుగుల దూరములో దిగును. "ఇంత ఎడారి యుండగా నా నెత్తిమీదనే దిగవలెనా?" అని మొదటివాడు లోలోపల మండిపడును. "పలుకరించినా మూతి ముడుచుకొన్నాడే!" అని రెండవవాడు నొచ్చుకొనును. ఇద్దరిలో ఎవనికిని దురుద్దేశము లేదు. ఒకడు ఏకాంతమును క్షేమమనుకొనెను, ఒకడు తోడును క్షేమమనుకొనెను. ఒకరినొకరు అడుగలేదు, అంతే.

అట్లు వెళ్లివచ్చిన ఒక తల్లి నాతో చెప్పిన మాట మీ ముందుంచుచున్నాను. నాలుగు తెలుగు కుటుంబములు కలిసి ఒక క్యాంపుగ్రౌండులో దిగిరట. భోజనములైన తరువాత ప్రార్థన చేసి, చప్పట్లు కొట్టుచు కీర్తనలు పాడిరట. పదిన్నర గంటలకు ప్రక్క బండిలోని మనుష్యుడు చేతిలో టార్చిలైటుతో వచ్చి, కొంచెము ఆపగలరా యని నెమ్మదిగా అడిగెనట. అల్లుడు వెంటనే క్షమాపణ చెప్పి పాటలు ఆపించెను. ఆ తల్లి మనస్సు మాత్రము గాయపడెను. "అయ్యగారూ, మేమేమన్నా తాగి గోల చేశామా అండీ? దేవుని పాటలే గదండీ పాడింది! దేవుని పాట కూడా తప్పేనా?" అని అడిగినది. మరునాడు ఉదయము అల్లుడు ఒక పళ్లెములో పులిహోర పట్టుకొనిపోయి పలుకరించగా తెలిసినది, ఆ మనుష్యుడు ముందు దినమంతయు బండి తోలుకొని వచ్చినవాడట, మరల ఆ ఉదయమే బయలుదేరవలసినవాడట.

ఆ తల్లి బాధను నేను తేలికగా తీసివేయలేదు. నెలల తరబడి నాలుగు గోడల మధ్య ఉండి, పలుకరించువారు లేక, ఒక రాత్రి తనవారితో ఒకే చాప మీద కూర్చుండి తన భాషలో పాడుకొన్నది. అది ఆమెకు ఆకలివేళ అన్నము వంటిది. అయితే ఆమెను ఒక ప్రశ్న అడిగితిని. "అమ్మా, ఆ పాట దేవునికి వినబడినది నిజమే. ఆ పొరుగువానికి ఏమి వినబడినది?" ఆయనకు మన భాష రాదు. యేసు ప్రేమ ఆయనకు వినబడలేదు, నిద్ర చెడుట మాత్రమే తెలిసినది. ఆ రాత్రి ఆ విడిదిలో క్రీస్తు సాక్ష్యము పాటలో కంటె అల్లుడు చెప్పిన క్షమాపణలో, మరునాటి పులిహోరలో ఎక్కువగా ఉన్నది. ప్రేమ లేని మాట ఎంత గొప్పదైనను మ్రోగే కంచుతో సమానమని 1 కొరింథీయులకు 13వ అధ్యాయములో పౌలు చెప్పుచున్నాడు. సామెతలు 27:14 ఇంకను సూటిగా చెప్పును. తెల్లవారకముందే లేచి గొంతెత్తి స్నేహితుని దీవించినను, అది అతనికి శాపమువలె తోచునట! దీవెన మంచిదే. వేళ మంచిది కాదు.

అబ్రాము కూడ గుడారములవాడే. ఆదికాండము 13వ అధ్యాయములో చోటు చాలక అతని కాపరులకును లోతు కాపరులకును జగడము పుట్టెను. అబ్రాము పెద్దవాడు, వాగ్దానము పొందినవాడు. "ముందు నేను కోరుకొందును" అనుటకు అతనికి అధికారమున్నది. అయినను లోతునకే మొదటి ఎంపికనిచ్చెను. నీళ్లున్న పచ్చిక చేజారినది, గాని దేవుని వాగ్దానము చేజారలేదు. తన హక్కును వదలుకొన్నవాడు నష్టపోయెనని మనమనుకొందుము. దేవుడు అట్లు లెక్కకట్టడు.

అట్లని మౌనము కోరువాని మాటయే ఎల్లప్పుడు న్యాయమని కాదు. సాయంకాలము నాలుగు గంటలకు పిల్లలు నవ్వుచు ఆడుకొనుచుండగా కసరుకొనువాడు కూడ పొరుగువానిని ప్రేమించుటలేదు. ఏకాంతమే కావలసినవాడు జనము లేని మూల చోటు ముందుగా చూచుకొనుట మంచిది. నీ సహోదరునికి ఎందుకు తీర్పు తీర్చుచున్నావని రోమీయులకు 14వ అధ్యాయము ఇరుపక్షములను అడుగుచున్నది. టార్చిలైటు పట్టుకొని వచ్చిన ఆ మనుష్యుడు చేసిన పని మంచిది. రాత్రంతయు కుములుచు పడుకొనలేదు, తెల్లవారి పదిమందికి చెప్పి పరువు తీయలేదు. తానే వచ్చి, నెమ్మదిగా అడిగెను. మత్తయి 18:15లో ప్రభువు నేర్పిన మార్గము అదియే గదా.

ఇది అమెరికా విడిదికి మాత్రమే చెందిన సంగతి కాదు. విడిది కూటములు మన ప్రొటెస్టెంటు సంఘముల చరిత్రలోనే ఉన్నవి. 1801 ఆగస్టులో కెంటకీ రాష్ట్రములోని కేన్ రిడ్జ్ వద్ద జరిగిన ప్రభు సంస్కారపు కూటములకు వేలాది జనులు గుర్రపు బండ్లు కట్టుకొనివచ్చి, అక్కడనే దిగి దినముల తరబడి ఉండిరి. మన దేశములో 1941లో మద్రాసులో భక్తసింగ్ గారు ప్రారంభించిన హోలీ కాన్వొకేషను కూటములు తరువాత హైదరాబాదులోని హెబ్రోనులోను జరిగినవి. నేటికిని మన కన్వెన్షన్లలో పందిళ్ల క్రింద ఎందరో నిదురించుచున్నారు. అక్కడ కూడ ఒకరు ఉపవాస ప్రార్థనకు వత్తురు, ఒకరు బంధువులను చూడవత్తురు. కుళాయి దగ్గర బిందెల తగవు, దుప్పటి పరచి పదిమందికి చోటు పట్టుట, అర్ధరాత్రి ముచ్చట్లు మనము ఎరుగని సంగతులా?

మైకు సంగతి కూడ చెప్పక తప్పదు. మన దేశములో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు బహిరంగముగా లౌడుస్పీకరు వాడరాదు. పండుగల నిమిత్తము రాష్ట్ర ప్రభుత్వము కొన్ని దినములు మాత్రము అర్ధరాత్రి వరకు అనుమతి ఈయవచ్చును. అమెరికా ఉద్యానవనములలోని గంటలే ఇక్కడను! అదే సంవత్సరము మద్రాసులోని ఒక సంఘపు మైకులను, వాద్యములను గూర్చిన వ్యాజ్యెములో, ఇతరుల శాంతిని చెరిపి ప్రార్థించుమని ఏ మతమును చెప్పదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. న్యాయస్థానము చెప్పకముందే సామెతల గ్రంథము చెప్పినది గదా! మన మందిరము ప్రక్క ఇంట్లో పరీక్షకు చదువుకొను బిడ్డ ఉండవచ్చును, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు ఉండవచ్చును, నొప్పులతో మూలుగు ముసలి తల్లి ఉండవచ్చును. వారు రేపు మన మందిరపు గడప త్రొక్కవలెనని గదా మన ప్రార్థన?

కనుక ప్రియులారా, పిల్లల దగ్గరకు వెళ్లినను, కన్వెన్షనుకు వెళ్లినను, నలుగురితో కలిసి యాత్రకు బయలుదేరినను ఈ కొద్ది మాటలు జ్ఞాపకముంచుకొనుడి. దిగిన వెంటనే అక్కడి కట్టుబాట్లు తెలిసికొనుడి. బయలుదేరకముందే మీ కుటుంబములో ఎవరు ఏ ఆశతో వచ్చుచున్నారో ఒకరినొకరు అడుగుకొనుడి. సగము తగవులు మన గుడారములోనే పుట్టును. చీకటి పడకముందే ప్రక్కవారిని పలుకరించి, "మేము కొంచెముసేపు పాడుకొందుము, మీకు ఇబ్బందియైతే చెప్పుడి" అనుడి. ఆ ఒక్క మాట తరువాత పుట్టబోవు పది మాటలను ఆపును. ఎవరైన వచ్చి ఆపమన్నయెడల, మా హక్కు అనక, ముందు ఆపుడి. పాట మరునాటి సాయంకాలము వరకు ఆగగలదు. ఖాళీ చేయునప్పుడు, మీరు వచ్చినప్పటికంటె ఆ చోటును శుభ్రముగా విడిచిపెట్టుడి.

అబ్రాహాము గుడారములలో నివసించుచు, దేవుడు కట్టిన పట్టణము కొరకు ఎదురుచూచెనని హెబ్రీయులకు 11వ అధ్యాయము చెప్పుచున్నది. మనమును కొన్ని దినములు ఇక్కడ విడిది చేసినవారమే. ఈ కొద్ది కాలములో ప్రక్క గుడారపు వానికి మన వలన నెమ్మది కలుగునా, కలవరము కలుగునా?

ప్రభువా, నీవు మా మధ్య గుడారము వేసికొని నివసించినవాడవు. మా పొరుగువాని అవసరమును ముందుగా చూచు కన్నులను, మా హక్కును సంతోషముతో విడుచుకొను మనస్సును మా ఇంటివారందరికి దయచేయుము. ఆమేన్.