పడోసీ ఇంటి నక్షత్రం

నౌకరీ చేసినన్నాళ్లూ క్రిస్మస్ అంటే నాకు నిద్రపోయే ఛుట్టీ. రిటైరయ్యాకే కల్వకుర్తిలో ఈ పండుగను తీరిగ్గా చూస్తున్నా: గుమ్మాలకు కాగితపు నక్షత్రాలు, రాత్రిళ్లు ఇంటింటికీ వచ్చే పాటల బృందం, పొద్దున్నే ప్లేటులో కేకు. తెలంగాణ వచ్చాక 26న కూడా ఛుట్టీయే, నాకు దాంతో పనిలేకపోయినా!

"ముబారక్ చెప్తే ఈమాన్ పోతుందా దాదా?" అని మన పిల్లలు అడుగుతున్నారు. ఫోన్లలో తిరిగే బయాన్ల అసర్ అది. మా అబ్బాజాన్ కాలంలో ఈ సవాలే లేదు. ఈద్‌కు మన షీర్ ఖుర్మా వాళ్లింటికి, డిసెంబరులో వాళ్ల పిండివంటలు మనింటికి.

ఈసా అలైహిస్సలాం మనకు పైగంబర్, ఖుదా బేటా కాదు. ఈ ఫరక్ పడోసీకీ తెలుసు. కానీ ఖురాన్‌లో 19వ సూరా పేరే మర్యం. ఆ తల్లి పురిటినొప్పులు, ఆమె ఆనుకున్న ఖర్జూరపు మాను అందులోనే ఉన్నాయి. వాళ్ల ఇబాదత్‌లో షరీక్ కావద్దు, సరే. దావత్‌కు ఎందుకు పోవద్దు? నేనైతే పోతా. బేగం అప్పుడే డబ్బాలో ఖుబానీ కా మీఠా సర్దింది.