కర్నూలు అడ్రస్.. లిస్బన్ అరెస్టు: అబూ సలేం విషయంలో ఇచ్చిన మాట ఎందుకంత ముఖ్యం?

తుగ్గలిలో ఎవరైనా పాస్‌పోర్టుకు అప్లై చేస్తే ఏం జరుగుతుంది? పోలీసులు ఎంక్వైరీ చేస్తారు. ఈ మనిషి ఈ ఊళ్లోనే ఉంటున్నాడా, కేసులేమైనా ఉన్నాయా అని చూస్తారు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా మళ్లీ తిరగాల్సిందే. అలాంటిది 2001లో మన జిల్లా కేంద్రం కర్నూలు అడ్రస్‌తోనే దొంగ పేర్లతో పాస్‌పోర్టులు సంపాదించారు. ఒకరు 257 మందిని బలిగొన్న 1993 ముంబై పేలుళ్ల కేసు నిందితుడు అబూ సలేం. ఇంకొకరు నటి మోనికా బేడి. ఆమె పాస్‌పోర్టు సనా మలిక్ కమాల్ పేరు మీద ఉంది. స్థానిక పోలీసు, తపాలా ఉద్యోగులు కూడా ఈ కేసులో ఇరుక్కున్నారు.

2002 సెప్టెంబర్‌లో ఇద్దరూ లిస్బన్‌లో దొరికిపోయారు. అసలు కథ అక్కడ మొదలైంది.

పోర్చుగల్‌లో ఉరి లేదు, యావజ్జీవం కూడా లేదు. జైలు శిక్ష గరిష్ఠంగా 25 ఏళ్లే. అంతకు మించి శిక్ష వేసే దేశానికి మనిషిని అప్పగించబోమని చెప్పింది. దీంతో 2002 డిసెంబర్‌లో అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ రాతపూర్వకంగా హామీ ఇచ్చారు. ఉరి వేయం, 25 ఏళ్లకు మించి జైల్లో పెట్టం అని. 2005 నవంబర్‌లో ఇద్దరినీ ఇండియాకు తీసుకొచ్చారు.

ఇక్కడ మోనికా ఒక వాదన లేవనెత్తారు. లిస్బన్‌లో దొంగ పాస్‌పోర్టుకు ఇప్పటికే శిక్ష పడింది, మళ్లీ ఇక్కడ ఏంటి అని. ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష ఉండకూడదన్నది మన రాజ్యాంగంలోని హక్కే. కానీ అక్కడ శిక్ష పడింది పాస్‌పోర్టు వాడినందుకు, ఇక్కడి కేసు మోసం చేసి దాన్ని సంపాదించినందుకు అని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. శిక్షను మాత్రం అప్పటికే జైల్లో గడిపిన కాలానికి తగ్గించింది. సలేంకు హైదరాబాద్ సీబీఐ కోర్టు 2013లో ఏడేళ్లు వేసింది.

పెద్ద చిక్కు వేరే ఉంది. ఏ నేరాలకని అప్పగించారో వాటిపైనే విచారణ జరగాలి. మన 1962 అప్పగింత చట్టం సెక్షన్ 21 చెప్పేది ఇదే. సలేంపై అదనపు సెక్షన్లు పెట్టడంతో 2011లో లిస్బన్ కోర్టు అప్పగింతనే రద్దు చేసింది. ఆ తీర్పు మన కోర్టులకు వర్తించదని సుప్రీంకోర్టు చెప్పినా, 2013లో ఆ అదనపు అభియోగాలను వెనక్కి తీసుకోవడానికి సీబీఐకి అనుమతిచ్చింది. 2017లో పేలుళ్ల కేసులో యావజ్జీవం పడింది. మరి 25 ఏళ్ల మాట? హామీ గురించి ఆలోచించే సమయం ఇంకా రాలేదన్నట్టు కేంద్రం అఫిడవిట్ వేసింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2005 అక్టోబర్ 12 నుంచి లెక్క వేసి, 25 ఏళ్లు నిండగానే నెల రోజుల్లో విడుదలకు చర్యలు తీసుకోవాలని 2022 జూలైలో చెప్పింది. అంటే 2030. గడువు ఇప్పటికే పూర్తయిందన్న సలేం వాదన ప్రాథమికంగా నిలవదని 2025 జూలైలో బాంబే హైకోర్టు అభిప్రాయపడింది.

అంతమందిని చంపిన కేసులో దోషికి మాట నిలబెట్టుకోవడమేంటి అని కోపం రావడం సహజం. బాధితుల కుటుంబాలకైతే ఇంకా ఎక్కువ. కానీ విదేశీ కోర్టులు మన రికార్డు చూస్తున్నాయి. తిహార్ జైల్లో హింస ముప్పు ఉందంటూ 2025 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు ఆయుధాల వ్యాపారి సంజయ్ భండారీని అప్పగించడానికి నిరాకరించింది. మాట తప్పే దేశమన్న పేరు పడితే తర్వాతి నిందితుడు అక్కడే హాయిగా ఉండిపోతాడు.

ఇప్పుడు అడిగేది అవతలి దేశమైతే? 2017 మార్చిలో న్యూజెర్సీలో ప్రకాశం జిల్లాకు చెందిన తల్లి, ఆరేళ్ల కొడుకు దారుణ హత్యకు గురయ్యారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2025 నవంబర్‌లో, ఇండియాలో ఉన్న ఒక వ్యక్తిపై అక్కడి అధికారులు అభియోగాలు మోపారు. అతన్ని అప్పగించాలంటే ముందు మన మేజిస్ట్రేట్ ప్రాథమిక ఆధారాలు చూడాలి, అతని వాదన వినాలి. అమెరికాతో మనకు 1997లోనే ఒప్పందం కుదిరింది. న్యూజెర్సీ 2007లోనే మరణశిక్ష రద్దు చేసింది కాబట్టి ఉరి గురించి హామీ అడగాల్సిన పని కూడా ఉండదు.