టెన్నెసీ గుఱ్ఱపు సహజగతి

మన పాఠశాలలో గుఱ్ఱమెక్కు వారెవ్వరును లేరు గదా, అశ్వగతులను గూర్చిన ప్రసంగమెందుకని చదువరులు అడుగవచ్చును. అమెరికా దేశమందలి టెన్నెసీ రాష్ట్రమున ఒక జాతి గుఱ్ఱములకు పుట్టుకతో వచ్చిన వరమొకటి గలదు. ఆ వరమును మెచ్చుకొనుటకు వచ్చిన జనులే దానిని చెఱచిరని నా యభిప్రాయము. అందుచే వ్రాయుచున్నాను.

సామాన్యాశ్వము నడక వేగము హెచ్చింపవలసినప్పుడు ముందుకాలొకదానిని, దానికి మూలగా నున్న వెనుకకాలిని ఒక్కమాఱే యెత్తి యెగిరెగిరి పరుగెత్తును. దీనినే ట్రాట్ అందురు. నడుమ నొక క్షణము నాలుగు కాళ్లును నేల విడిచియుండును. కావున రౌతు జీనుపై నెగసి పడుచుండును. అలవాటు లేనివానికి కొంతదూరము పోవునప్పటికే నడుము పట్టివేయును. టెన్నెసీ గుఱ్ఱమట్లు గాదు. వేగము హెచ్చినను అది నడకను విడువదు. నాలుగు కాళ్లును వేర్వేఱుగా నేలను తాకును. నాలుగు చప్పుళ్లును విడివిడిగా వినవచ్చును. వెనుక డెక్క ముందు డెక్క జాడను దాటి 6 మొదలు 18 అంగుళముల ముందునకు పడును. ప్రతి యడుగునకును తల పైకి క్రిందికి ఊగుచుండును. గంటకు 10 మైళ్లు పోవుచున్నను రౌతు తన యింట కుర్చీపై కూర్చున్నట్లుండును. దినమంతయు జీనుమీదనే యుండి విశాలమైన పొలములను చుట్టి రావలసిన క్షేత్రాధిపతులు ఇట్టి గుఱ్ఱములను ఏఱి పెంచిరి. (ఆ పొలములలో 1865 వఱకు చెమటోడ్చినవారు బానిసలని మనము మఱువరాదు.) 1886లో పుట్టిన అలన్ అను నల్లని మగగుఱ్ఱము ఈ జాతికి మూలపురుషుడుగా నెన్నబడుచున్నది. 1935లో లూయిస్‌బర్గ్ పట్టణమున నొక సంఘమేర్పడి వీని వంశావళిని వ్రాయ నారంభించెను.

ఈ గతి శిక్షణచే పుట్టినది కాదు. ఇట్టి మృదుగతులు గల పలుజాతుల గుఱ్ఱములలో డి.ఎమ్.ఆర్.టి.3 అను జన్యువునందు ఒక మార్పున్నదనియు, ఆ జన్యువు వెన్నుపాములో కాళ్ల కదలికను నడుపు నాడీకణములకు సంబంధించినదనియు 2012లో నేచర్ పత్రికయందు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. శిక్షకుడు ఈ వరమును చక్కదిద్దగలడే గాని, లేనిదానిని పుట్టింపలేడు.

అయినను 1939 నుండి షెల్బివిల్ పట్టణమున ఏటేట జరుగు ప్రదర్శనోత్సవమున జనులకు సహజమైన నడక చాలక పోయెను. ముందుకాళ్లు ఎంత పైకెగసిన అన్ని చప్పట్లు. ఎన్ని చప్పట్లు వచ్చిన అంత బహుమానము. అప్పుడు కొందఱు శిక్షకులు అడ్డదారి త్రొక్కిరి. ముందుకాళ్ల గిట్టలకు పైభాగమున ఆవాలనుండి తీసిన ఘాటైన తైలమును, కిరోసిన్ మొదలగు వానిని పూసి, పుండు పడిన చోటుపై గొలుసులు వ్రేలాడదీయుదురు. గొలుసు తగిలినప్పుడెల్ల బాధ భరింపలేక ఆ మూగజీవము కాలెత్తి విసరును. చూచువారు ఆహా యందురు!

దీనిని మాన్పుటకు అమెరికా ప్రభుత్వము 1970లోనే శాసనము చేసెను. పుండు చేయబడిన గుఱ్ఱమును ప్రదర్శించుట నేరము. పరీక్షకులు కాలు నొక్కి చూతురు. నొప్పియున్నచో గుఱ్ఱము కాలు వెనుకకు లాగుకొనును. దీనికిని శిక్షకులలో కొందఱు ఉపాయము కనిపెట్టిరి. ఇంటియొద్దనే కాలు నొక్కి, కదలినచో అంతకన్న గట్టిగా కొట్టి, కదలకుండుట నేర్పుదురు. తనిఖీదారు వచ్చు దినమునకై మాత్రమే పిల్లలచే పాఠము వల్లె వేయించు ఉపాధ్యాయులు మా వృత్తిలోను లేకపోలేదు గాని, ఇది అంతకు వేయిరెట్లు క్రూరము.

ఈ గొలుసులు తేలికైనవే యనియు, ఉత్సవముచే పలువురు జీవించుచున్నారనియు వారి పక్షమువారు వాదింతురు. ఉత్సవమువలన ఆ పట్టణమునకు ఆదాయము గలదనుట నిజమే. గొలుసులే హానికరములు కావని యొప్పుకొన్నను, క్రింద పుండు లేనిదే అంత యెగురుట యేల? 2012లో అమెరికాలోని పశువైద్యుల ప్రధాన సంఘమే ఈ గొలుసులను, డెక్కలక్రింద కట్టు ఎత్తైన దిమ్మలను నిషేధింపవలెనని కోరెను.

శిక్షకుడు దోషియే. కాని వానిని మాత్రమే శిక్షించిన ప్రయోజనము కొంచెము. అతడు సంతలో అమ్ముడుపోవు సరకునే తయారు చేయుచున్నాడు. వెల కట్టువారు తీర్పరులు, ఆ వెలను పెంచువారు మెట్లపై కూర్చున్న ప్రేక్షకులు. 2006లో పరీక్షలయందు పెక్కు గుఱ్ఱములు తప్పిపోగా, ఆ యేటి మహావిజేత బిరుదు ఎవ్వరికిని ఈయబడలేదు. ఆ ఒక్క యేడు జరిగినది ఏటేట జరిగినను తప్పులేదనుకొందును. సామాన్యమైన లాడములతో, గొలుసులు లేక నడచు గుఱ్ఱములకును అచ్చట వేఱుగ పోటీలు గలవు. ఆ పెద్ద బిరుదును వానికే యిచ్చి, తీర్పరులు ముందుకాలి యెత్తును విడిచి వెనుకకాలి జాడను కొలిచినచో, ఆ తైలపు సీసాలను కొనువాడుండడు.