డ్రీమ్ ఫిష్ అంటే అరోవానాయేనా? మన పరిగె ఏం పాపం చేసింది?

అక్వేరియం పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే వచ్చే మొదటి ప్రశ్న "నీ ఫేవరెట్ ఏంటి?", రెండోది "నీ డ్రీమ్ ఫిష్ ఏంటి?". మొదటిదానికి గప్పీ, బెట్టా, ఏంజెల్, మోలీ అని రకరకాల జవాబులొస్తాయి. రెండోదానికి మాత్రం అందరూ ఒకే కోచింగ్ సెంటర్‌లో చదివినట్టు మాట్లాడతారు. అరోవానా. అది కాకపోతే ఫ్లవర్‌హార్న్. అదీ కాకపోతే రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్. ఖరీదైనది కావాలి, లేదంటే పెద్దది కావాలి, రెండూ అయితే ఇంకా మంచిది. ఇంతవరకూ "పరిగె" అన్నవాణ్ణి నేను చూడలేదు. అనాలన్నదే ఈ వ్యాసం.

ముందు అరోవానా సంగతి. ఆసియా అరోవానా నిజంగానే అందమైన చేప, కాదనను. నాణేల్లాంటి పొలుసులు, నీటిపైన రాజులా తిరిగే తీరు. షాపులో గల్లాపెట్టె పక్కన పెడితే లక్ష్మి వస్తుందని, ఇంటికొచ్చే కీడు అది తీసుకుని పోతుందని నమ్మేవాళ్లున్నారు. మంచి రంగున్నదైతే ధర లక్ష దాటుతుంది. కానీ అడవి నదుల్లో అది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో, అంటే పులి ఉన్న జాబితాలోనే ఉంది. రిజిస్టర్ అయిన ఫారాల్లో పెంచి, ఒంట్లో మైక్రోచిప్ పెట్టినవే చట్టబద్ధంగా దేశాలు దాటతాయి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత ఇలాంటి జీవిని ఇంట్లో పెంచుకునేవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. "కాగితాలు ఎందుకు బాబూ, చేప తీసుకెళ్లు" అనే షాపు దగ్గర కొంటే మనం కొనేది డ్రీమ్ కాదు, తలనొప్పి.

సరే, అరోవానా కొనే స్తోమత మనలో ఎంతమందికుంది? మన స్థాయి డ్రీమ్ వేరే ఉంది. షాపులో "షార్క్" అని అమ్మే వేలెడు చేప. నల్లది, తెల్లది రెండు రకాలు దొరుకుతాయి. తోక ఊపుతూ గుంపుగా తిరుగుతుంటే నిజంగానే షార్క్ పిల్లల్లా ఉంటాయి. అసలు విషయం ఏంటంటే, అది పంగస్. కైకలూరు వైపు చెరువుల్లో టన్నులకొద్దీ పెంచి లారీలకెత్తే చేపే. తెల్లది దాని ఆల్బినో రకం. చెరువులో పెడితే పంగస్, గాజు తొట్టిలో పెడితే షార్క్! పూర్తిగా పెరిగితే అది మీటరు దాటుతుంది.

ఇప్పుడు మన బ్రాంచ్ లెక్క వేద్దాం. రూముల్లో మామూలుగా ఉండే ట్యాంక్ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంటే 56 లీటర్లు. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30. అందులో మీటరు పెరిగే చేపను వేశాం. తిరగడానికి కాదు కదా, తిన్నగా నిలబడడానికే చోటుండదు. పైగా చేప పొడవు 5 సెంటీమీటర్ల నుంచి మీటరుకు పెరిగితే అది 20 రెట్లు. బరువు మాత్రం పొడవు ఘనంతో పోతుంది కాబట్టి దాదాపు 8000 రెట్లు. తిండి, విసర్జన, అమ్మోనియా అన్నీ ఆ లెక్కనే పెరుగుతూ పోతాయి. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చాలి. కొత్త ట్యాంక్‌లో ఆ బ్యాక్టీరియా స్థిరపడడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. "నా చేప వారానికే పోయింది, నీళ్లు పడలేదు" అని మనం అనేది చాలావరకు ఈ లెక్క వేయకపోవడం వల్లే.

చచ్చిపోయిన చేపతో కథ అక్కడికి అయిపోతుంది. చావకుండా పెరిగిన చేపతోనే అసలు చిక్కు. సెమిస్టర్ అయిపోయింది, రూమ్ ఖాళీ చేయాలి, ఇంట్లో వద్దన్నారు. ఏం చేస్తాం? "పాపం, బతకనిద్దాం" అని వాగులో వదిలేస్తాం. అదే మన జాలి.

మా గంపలగూడెం మండలంలో కట్టలేరు ఉంది. వానాకాలం వినగడప దగ్గర అది పొంగిందంటే రాకపోకలు బంద్. ఆ నీళ్లు చివరికి కృష్ణలో కలవాల్సిందే. అంటే ఊరి వాగులో వదిలిన చేప ఊరి వాగులో ఉండదు. ఇది ఊహ కాదు, ఉదాహరణ మన కళ్లముందే ఉంది. షాపులో "ట్యాంక్ క్లీనర్" అని అమ్మే సక్కర్ చేప. అద్దానికి అతుక్కుని పాచి తింటుంది కాబట్టి ప్రతి ట్యాంక్‌లోనూ ఒకటి. ఇది దక్షిణ అమెరికా చేప. ఇప్పుడు మన చెరువుల్లో, నదుల్లో వలేస్తే పడుతోంది. ఒళ్లంతా కవచం, ముళ్ల రెక్కలు. వల చించుతుంది, తినడానికి పనికిరాదు, గట్లకు బొరియలు తవ్వుతుంది. జాలర్లు దానికి పెట్టిన పేరు "దెయ్యం చేప". హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో దొరికే డీఎన్‌ఏ ఆనవాళ్లతో వెతికితే, తూర్పు కనుమల నీటి వనరుల్లో దాదాపు 60 శాతం చోట్లకు అది పాకిందని తేలింది. మనకు అక్వేరియం హాబీ, వల చిరిగినాయనకు అదే బతుకు.

మరి ఏం పెంచాలి? ఇక్కడే నా పరిగె వస్తుంది.

పరిగెలంటే మనకు పులుసులోకి, వేపుడులోకి వేసే చిన్న చేపలు. అక్వేరియం భాషలో వాటిని బార్బ్ అంటారు. ఒంటి మీద రెండు నల్లమచ్చలుండే పరిగెను టిక్టో బార్బ్ అని పేరు పెట్టి విదేశాల్లో గాజు తొట్లలో పెంచుకుంటున్నారు. చారల జెల్లదీ అదే కథ. బొమ్మిడాయిని స్పైనీ ఈల్ అంటారు. ఇసుకలో ఒళ్లంతా దాచుకుని ముక్కు మాత్రమే బయటపెట్టి చూస్తూంటే గంటలు గడిచిపోతాయి. ఒళ్లు అద్దంలా ఉండి లోపలి ముల్లు కనిపించే గ్లాస్ ఫిష్ కూడా మన చెరువుల చేపే. దానికి సూదితో రంగులెక్కించి "పెయింటెడ్" అని అమ్మే దుర్మార్గం కూడా ఉంది, దయచేసి అవి కొనొద్దు. నెత్తిన వెండి చుక్కతో నీటిపైనే తిరిగే చిన్న చేపను పంట కాలవల్లో చూసే ఉంటారు. దోమల లార్వాలను తినడం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. అయినా దోమల కోసం మనం చెరువుల్లో వదిలేది అమెరికా నుంచి వచ్చిన గంబూసియాను.

ఇక జీబ్రా డానియో. నీలి చారల ఈ నాలుగు సెంటీమీటర్ల చేప మన ఉపఖండపు వరి పొలాల్లో, నెమ్మదిగా పారే కాలవల్లో ఉండేది. ఇప్పుడు ప్రపంచంలోని ల్యాబులన్నిట్లో ఉంది, సీసీఎంబీలోనూ ఉంది. దాని జీనోమ్ 2013లో అచ్చయింది. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి దానిలో జోడీ ఉందని అందులో తేలింది. సైన్స్ ప్రపంచానికి డ్రీమ్ ఫిష్ ఇదే. షాపులో అన్నిటికన్నా చవక చేపల్లో ఇదొకటి.

సాహితీ క్లబ్ పత్రిక కాబట్టి ఒక మాట. ప్యాట్రిక్ రస్సెల్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వేశాడు. అందులో జాలర్లు చెప్పిన తెలుగు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు. వాలుగ చేపకు శాస్త్రీయ నామం వల్లాగో. అది మన తెలుగు మాటే! ప్రపంచ జంతుశాస్త్రంలోకి ఎక్కిన తెలుగు పేరు మనకు గుర్తుండదు కానీ, "సూపర్ రెడ్", "ప్లాటినం" అని అరోవానా రకాలు మాత్రం గడగడా చెబుతాం. మనందరం విని పెరిగిన ఏడు చేపల కథలో కూడా ఆ ఏడూ ఏ చేపలో ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన తరం వెళ్లిపోతోంది.

"వాగు చేపలకు రంగులెక్కడివిరా?" అంటారు. షాపులో తెల్ల బల్బు కింద చూస్తే నిజమే, బూడిద రంగే. అడుగున నల్ల ఇసుక, కొన్ని మొక్కలు, ఏడెనిమిది చేపల గుంపు, తక్కువ వెలుతురు పెట్టి రెండు వారాలు ఆగండి. జత కట్టే కాలంలో మగ పరిగె ఒంటి మీద ఎరుపు దిగుతుంది. రంగు మనం కొనేది కాదు, అది నమ్మకం కుదిరాక చూపించేది.

"నా డబ్బు, నా ట్యాంక్, నీకెందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. ట్యాంక్ నీదే. వాగు మాత్రం అందరిదీ.

అలాగని రేపే దోమతెర పట్టుకుని కట్టలేరుకు పరుగెత్తమని కాదు. ఎర్ర చారల అందగత్తె "మిస్ కేరళ" పశ్చిమ కనుమల చేప. ప్రపంచమంతా మోజుపడి వాగుల్లోంచి సంచులకొద్దీ పట్టుకుపోయి దాన్ని అంతరించే జాబితాలోకి తోశారు. మన పరిగెకు ఆ గతి పట్టకూడదు. ఊళ్లో వల వేసేవాళ్ల దగ్గర బతికున్నవి ఏడెనిమిది అడిగితే చాలు. పేరు కూడా ఆయన్నే అడగండి, రాసుకోండి. ఇప్పటికే పెద్ద చేప ఉన్నవాళ్లు షాపుకు తిరిగివ్వండి, లేదా పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్లకివ్వండి. వాగులో మాత్రం వదలొద్దు.

డ్రీమ్ పెద్దదిగా ఉండాలని మనకు మోటివేషన్ క్లాసుల్లో నూరిపోశారు. చేపల విషయంలో మాత్రం 56 లీటర్లలో పట్టే డ్రీమ్ చాలు.