రసీదు ఇవ్వరు, భృతి రాదు

నిరుద్యోగ భృతి డిగ్రీ చదివినోళ్ళకే అనుకుంటున్నారా? 2005 ఉపాధి హామీ చట్టం సెక్షన్ 7 చదవండి. పని అడిగిన 15 రోజుల్లో చూపించకపోతే భృతి కట్టాలని అందులో రాశారు. మొదటి 30 రోజులు కూలిలో కనీసం నాలుగో వంతు, తర్వాత కనీసం సగం.

పోయిన వేసవిలో మా అమ్మ మూడుసార్లు పని అడిగింది, నోటిమాటగా. "వచ్చినప్పుడు చెప్తాంలే" అన్నారు. సెలవులకెళ్ళి నేను భృతి అడిగితే "అడిగినట్టు రుజువేది?" అంట. తేదీ వేసిన రసీదు ఇవ్వాల్సిందీ వాళ్ళే, అది లేదని తిప్పి పంపేదీ వాళ్ళే! గ్రీవెన్సుకెళ్తే మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి అర్జీ తీసుకున్నారు. (దానికి మాత్రం రసీదిచ్చారు.) ఇంతవరకూ జవాబు లేదు.

అమ్మకి చదువు రాదు. మనకొచ్చు కదా? హాస్టల్లో స్టేటస్‌లు పెట్టింది చాలు. ఈ సెలవుల్లో గూడెంలో ఇంటింటికీ అర్జీ రాద్దాం. తేదీతో రసీదు చేతికొచ్చేదాకా ఆఫీసు మెట్లు దిగొద్దు.