గెలుపు ప్రమాణము కాదు

పేకాటలో ముక్కలు కుదరనపుడు డ్రాపు కావలసినవాడు పంతముతో ఆడును. చివరకు జోకరు కలిసివచ్చి గెలిచి, “దైవము నా పక్షము” అనును. మన చిట్యాల ప్రాంతమునను ఈ మాట వినబడుచునే యున్నది. ఇది భక్తి కాదు. అహంకారమునకు కప్పిన పట్టువస్త్రము.

రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆటయని 1967లో సికింద్రాబాదు క్లబ్బు వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినదని కొందరు వాదింతురు. తెలంగాణ 2017లో చట్టమును సవరించి ఆ మినహాయింపును తొలగించినది. అది యటుండ, నైపుణ్యమే ప్రమాణమైనచో నైపుణ్యము లేని గెలుపును ఏల పరీక్షింపరు?

గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్మసిద్ధికి హేతువులు ఐదు: అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము. ఐదవది అనుకూలించినంత మాత్రమున కర్త వివేకము రుజువగునా?

ద్యూతసభలో ధర్మరాజు కోల్పోయినదెల్ల ద్రౌపది పొందిన వరములచే, ధృతరాష్ట్రుని మాటచే తిరిగివచ్చెను. సంపద వచ్చెను గాని, దానిని పోగొట్టిన నిర్ణయము విచారణకు రాలేదు. మరల పిలుపు రాగానే మరల పాచికల ముందు కూర్చుండెను. ఫలితము 12 ఏండ్ల వనవాసము, ఏడాది అజ్ఞాతవాసము. బృహదశ్వుని వలన అక్షహృదయమును నేర్చినది అడవిలోనే.

ఫలాసక్తిని విడువుమనుట, ఆత్మపరీక్షను విడువుమనుట కాదు. సాధకులారా, గెలిచిన రాత్రియే దీపము ముందు కూర్చుండి ప్రశ్నించుకొనుడు: ఆ ముక్క రాకున్నచో ఇంటివారికి ఏమని సమాధానము చెప్పియుందును?