వేరు కొన్నాం, గడ్డి నాటలేదు

వట్టివేరు మనకు కొత్త కాదు. ఎండలు ముదరగానే కొట్లో కట్ట కొని మంచినీళ్ల కుండలో వేసుకుంటాం. ఏసీలు రాకముందు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లుకున్నాం. ఆ వేరు మోసే గడ్డి చేలో ఏం చేయగలదని మాత్రం అడగలేదు. రైతుకు సలహా చెప్పే ఉద్యోగులమైన మనం ఎప్పుడైనా చెప్పినా నూనె పంటగానే చెప్పాం. నూనె కావాలంటే వేరు తవ్వాలి, తవ్విన నేల వదులై వానకు కదులుతుంది. మట్టిని పట్టే గడ్డిని మట్టిలోంచి పీకడమే నేర్పాం.

తెలిసినవాళ్లు పక్కనే ఉన్నారు. మైసూరుకు దక్షిణాన గుండ్లుపేట రైతులు తరతరాలుగా దీన్ని చేల హద్దుల్లో పెంచుతున్నారు. 1980ల్లో ప్రపంచబ్యాంకు నిపుణులు జాన్ గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షా ఈ గడ్డిని ఊరూరా చెప్పారు. ఆ మాట మనకు దూరమూ కాదు, హైదరాబాదు పక్కన మహేశ్వరంలో ఆ రోజుల్లోనే వాటర్‌షెడ్ ప్రాజెక్టు నడిచింది. థాయ్‌లాండ్ రాజు భూమిబల్ పట్టుబట్టి నాటించాడు. 1996లో తొలి అంతర్జాతీయ వట్టివేరు సదస్సు అక్కడి చియాంగ్ రాయ్‌లో జరిగింది, మన గడ్డి మీద.

పని పెద్ద విద్యేం కాదు. తొలకరి పడ్డాక దుబ్బును చీల్చి, రెండు మూడు పిలకలు కలిపి, ఆకును జానెడుకు కత్తిరించి, వాలుకు అడ్డంగా నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎడంతో నాటాలి. వేరు పక్కలకు పాకకుండా 3 మీటర్లు, అంతకంటే లోతుకూ దిగుతుంది. అందుకే కరువుకు ఓర్చుకుంటుంది, పక్క పైరును ఇబ్బంది పెట్టదు. వాననీరు దుబ్బులకు తగిలి నెమ్మదించి, మోసుకొచ్చిన మట్టిని అక్కడే దించుతుంది. మట్టి పేరుకున్నకొద్దీ కణుపుల దగ్గర కొత్త వేళ్లు పుట్టి గడ్డి పైకి లేస్తుంది. గట్టు తనంతట తానే ఎత్తవుతుంది. మన దక్షిణాది రకాలు విత్తనంతో వ్యాపించి కలుపుగా మారవు కూడా.

ఒక్కటే షరతు. వరసలో సందు ఉండకూడదు. జానెడు సందు మిగిలినా నీళ్లన్నీ అటే మళ్లి గండి కొడతాయి. మొదటి ఏడు కలుపు తీసి, చచ్చినచోట మళ్లీ నాటాలి. మనం తప్పింది అక్కడ. నాటిన రోజు వెళ్లాం, మరుసటి ఏడు వెళ్లలేదు. మట్టిగట్టుకైతే ఘనపు మీటర్లుంటాయి, కొలతల పుస్తకంలో (ఎంబుక్‌లో) రాసి బిల్లు చేసుకోవచ్చు. పూడ్చిన సందుకు ఏ బిల్లూ లేదు. కనుక ప్రొక్లెయిన్ దించి గట్లు పోశాం. అనంతపురం లాంటి చోట ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అందులో చాలా భాగం కొద్ది రోజుల్లోనే కుండపోతగా పడుతుంది. పచ్చిక పట్టని గట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది?

చదువుకుని పట్నం చేరినవాళ్లమూ అంతే. ఇంటిముందు రోజూ నీళ్లు తాగే కార్పెట్ గడ్డి పరిచాం. మనిషెత్తు లేచి, ఊదారంగు వెన్నులు తీసి, గాలికి ఊగే వట్టివేరు దుబ్బు కంటే అందమైన గడ్డిని నేనైతే చూడలేదు. తోటలో దానికి చోటివ్వకపోవడం నీళ్ల పట్ల మన బాధ్యతారాహిత్యమే.

రేపు తొలకరికి ఒక రైతు వచ్చి పిలకలు కావాలంటే ఏమిస్తాం? 100 మీటర్ల వరసకు ఆరంగుళాల చొప్పున 650కి పైగా మొక్కలు పడతాయి. ఆ లెక్క సమావేశాల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. పిలకల మడి వేసిన మండలాలెన్నో మనలో ఎవరూ ధైర్యంగా చెప్పలేం.